కొవ్వు మూలకణాల సంఖ్యావృద్ధి: వృద్ధి కారకాల నియంత్రణ

కొవ్వు కణజాలం శక్తిని నిల్వచేసే భాండాగారం మాత్రమే అన్న అభిప్రాయం చాలాకాలం కొనసాగింది. 2001లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా జుక్, ఆమె సహచరులు లైపోసక్షన్ ద్వారా తొలగించిన కొవ్వునుండి కొన్ని కణాలను వేరుచేశారు. తగిన పరిస్థితులు కల్పిస్తే అవి కొవ్వు, ఎముక, మృదులాస్థి, కండర కణాల లక్షణాలను సంతరించుకుంటాయని చూపారు. అవే కొవ్వు మూలకణాలు. ప్రయోగాలకు కావలసినన్ని కణాలు లభించాలంటే వాటిని ప్రయోగశాలలో అనేక పర్యాయాలు విభజన చెందించాలి. ఆ విభజనను నియంత్రించేవి వృద్ధి కారకాలు.

ఈ పారిభాషిక పదం కొంత తికమకకు తావిస్తుంది. ‘వృద్ధి’ అన్నప్పుడు పరిమాణం పెరగడమూ స్ఫురిస్తుంది, సంఖ్య పెరగడమూ స్ఫురిస్తుంది. ఇక్కడ ప్రధానమైనది రెండవది. పైగా ఇవి గ్లూకోజ్ వంటి పోషకాలు కావు. కణానికి వెలుపలినుండి సంకేతాన్ని చేరవేసే ప్రోటీన్లు. 1974లో రస్సెల్ రాస్ బృందం చేసిన ప్రయోగం ఈ భేదాన్ని తేటతెల్లం చేస్తుంది. గడ్డకట్టిన రక్తంనుండి తీసిన సీరంలో ధమనుల నునుపు కండర కణాలు చురుకుగా విభజన చెందాయి. రక్తఫలకికలు తొలగించిన ప్లాస్మానుండి తయారైన సీరంలో ఆ చురుకుదనం కనిపించలేదు. పోషకాలు రెండింటిలోనూ ఉన్నాయి. లోపించినది రక్తఫలకికలు విడుదల చేసే సంకేతం. అదే తరువాత పీడీజీఎఫ్‌గా ప్రసిద్ధమైంది.

కొవ్వు మూలకణాల విషయంలో విస్తృతంగా పరిశీలించబడినది ఎఫ్‌జీఎఫ్-2. హెపరాన్ సల్ఫేట్ సాయంతో ఇది కణ ఉపరితలంపై ఉన్న గ్రాహకాలను జతపరుస్తుంది. జతకూడిన గ్రాహకాలు పరస్పరం ఫాస్ఫేట్ సమూహాలను చేర్చుకుంటాయి. అక్కడినుండి సంకేతం ర్యాస్, రాఫ్, మెక్, ఎర్క్ ప్రోటీన్ల వరుసలో కేంద్రకానికి చేరి సైక్లిన్-డి1 ఉత్పత్తిని పెంచుతుంది. సైక్లిన్-డి1తో కూడిన సీడీకే4, సీడీకే6 ఎంజైములు ఆర్‌బి ప్రోటీన్‌ను ఫాస్ఫేటీకరించడంతో, దాని అదుపులో ఉన్న ఈ2ఎఫ్ విడుదలవుతుంది. కణం జీ1 దశ దాటి డీఎన్ఏ ప్రతికృతి జరిగే ఎస్ దశలోకి ప్రవేశిస్తుంది. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎఫ్‌జీఎఫ్-2 త్వరగా శక్తిని కోల్పోతుంది గనుక దానిని మళ్ళీమళ్ళీ చేర్చవలసివస్తుంది.

ఈ మూలకణాలు ఎఫ్‌జీఎఫ్-2ను తామే ఉత్పత్తి చేసుకుంటాయి కూడా. అందువల్ల కారకం చేర్చని పాత్రను కారకమే లేని పాత్రగా భావించరాదు. ప్రయోగ ఫలితాలను చదివేటప్పుడు ఈ సంగతి తరచుగా విస్మరించబడుతుంది.

సంఖ్య పెరిగినంత మాత్రాన కణస్వభావం యథాతథంగా నిలుస్తుందని చెప్పలేము. టీజీఎఫ్-బీటా తగిన మాధ్యమంలో ఇదే కణాన్ని మృదులాస్థి దిశగా మళ్ళిస్తుంది. సుదీర్ఘకాలం విభజన చెందిన కణాలు క్రమంగా వార్ధక్యదశకు చేరి విభజనను నిలిపివేస్తాయి. కాబట్టి కణాల రాశిని మాత్రమే చూపి చికిత్సా సామర్థ్యాన్ని ప్రకటించడం శాస్త్రసమ్మతం కాదు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు రక్తసంబంధ వ్యాధులకు చేసే రక్తోత్పాదక మూలకణ మార్పిడిని మాత్రమే ఆమోదిత చికిత్సగా గుర్తించాయి. వాటి ప్రకారం కొవ్వు మూలకణాల వినియోగం అనుమతి పొందిన చికిత్సా పరీక్షల పరిధిలోనే జరగాలి.