బిందువు ఎక్కడ పెట్టాలి?

1972లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్ క్యాట్‌మల్ అనే పరిశోధక విద్యార్థి తన ఎడమ చేతికి అచ్చు తీసి, ప్లాస్టర్‌తో బొమ్మ చేశారు. ఆ తెల్లటి చేతిబొమ్మ నిండా సిరాతో గీతలు గీసి, దాన్ని సుమారు 350 త్రిభుజాలుగా, బహుభుజులుగా విడగొట్టారు. ఒక్కో మూల ఎక్కడుందో కొలిచి, ఆ అంకెల్ని కంప్యూటర్‌కు ఎక్కించారు. అప్పుడు తెరమీద ఒక చెయ్యి వేళ్లు ముడిచి, తెరిచింది. ఆ చిన్న చిత్రాన్ని 2011లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలకాలం భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో చేర్చింది.

చిత్రకళ విద్యార్థికి ఇందులో పెద్ద పాఠం ఉంది. యంత్రానికి పని అప్పగించే ముందు క్యాట్‌మల్ తన చేతిని పరిశీలనగా చూడవలసి వచ్చింది. వేలి కణుపు దగ్గర గీత ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో తానే తేల్చుకోవలసి వచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఆ నిర్ణయం మనిషి చేతిలోనే ఉంది.

చిత్రకళ డిగ్రీ కోర్సు బీఎఫ్‌ఏలో సీటు రాగానే పిల్లలూ తల్లిదండ్రులూ అడిగే మొదటి ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? అడగదగిన ప్రశ్నే. కానీ మెనూలు, షార్ట్‌కట్‌లు కొన్ని వారాల్లో అలవాటవుతాయి. బిందువు ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఏళ్ల సాధన కావాలి. పెన్సిల్‌తో గీసేవారికీ, తెరమీద రూపాన్ని మలిచేవారికీ కావలసిన విద్య ఇదే. రెండుచోట్లా ఒకే విద్య ఎలా అయిందో తెలియాలంటే కాస్త గణితం, కాస్త భౌతికశాస్త్రం చూడాలి.

మూడు చుక్కలతో ఒక వంపు

తెల్లకాగితం మీద క, గ, చ అని మూడు చుక్కలు పెట్టండి. క, చ కింద అటూ ఇటూ ఉండాలి, గ మధ్యలో పైన ఉండాలి. క నుంచి గకు, గ నుంచి చకు సన్నటి గీతలు గీయండి. ఆ రెండు గీతల నడిమి బిందువులు గుర్తించి, వాటిని కలుపుతూ ఇంకో గీత గీయండి. ఈ మూడో గీతకు సరిగ్గా నడుమ గట్టిగా ఒక చుక్క పెట్టండి. మనకు కావలసిన వంపు ఈ చుక్క మీదుగానే, మూడో గీతను ఒరుసుకుంటూ పోతుంది. సగానికి బదులు పావు వంతు దగ్గర ఇదే పని చేస్తే వంపు మీద మరో చుక్క దొరుకుతుంది, ముప్పావు దగ్గర చేస్తే ఇంకొకటి. అన్నిటినీ కలపండి. క దగ్గర బయల్దేరి, గ వైపు మొగ్గి, దాన్ని తాకకుండానే చ దగ్గర దిగే నున్నటి వంపు తయారవుతుంది. గని పక్కకు జరిపితే వంపు మొత్తం మారిపోతుంది.

1959లో ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్టెల్జో కనిపెట్టిన పద్ధతి ఇది. కంపెనీ దాన్ని చాలాకాలం గుట్టుగా ఉంచింది. ఈలోగా పోటీ కంపెనీ రెనోలో పియర్ బెజియే 1960లలో అదే రకం వంపుల్ని సొంతంగా సాధించి ప్రచురించారు. అందుకే అవి బెజియే వంపులుగా స్థిరపడ్డాయి. ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్‌లలోని పెన్ టూల్ గీసేది వీటినే. మీరు చదువుతున్న ఈ తెలుగు అక్షరాల అంచుల్ని ఫాంటులో దాచింది కూడా ఇలాంటి వంపులుగానే.

నేర్పు బయటపడేది ఇక్కడే. కొత్తగా నేర్చుకునేవారు ‘ర’ అక్షరాన్ని గీయమంటే గుండ్రం చుట్టూ పాతిక బిందువులు పెడతారు. అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. ఫాంటులు చేసేవారు వంపు బాగా పైకి వెళ్లిన చోట, బాగా కిందికి దిగిన చోట, ఎడమకూ కుడికీ చివరంటా వెళ్లిన చోట మాత్రమే బిందువులు పెట్టి, మిగతాది గణితానికి వదిలేస్తారు. నాలుగే బెజియే వంపులతో వృత్తం గీస్తే, అసలు వృత్తంతో పోల్చినప్పుడు తేడా వ్యాసార్ధంలో పదివేలకు మూడు వంతులు కూడా ఉండదు. వంపు ఎక్కడ మలుపు తిరుగుతోందో కన్ను పట్టుకోగలిగితే బిందువుల సంఖ్య తగ్గుతుంది, గీత శుభ్రపడుతుంది.

లక్కపిడత, టీపాట్

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఉలి ఆనించి లక్కపిడతలు చేస్తారు. తిరుగుతున్న కర్రకే లక్కరంగు పట్టిస్తారు. ఉలి నిర్ణయించేది పిడత పక్క అంచును మాత్రమే. గుండ్రదనమంతా తిరగడం వల్లనే వస్తుంది. త్రీడీ సాఫ్ట్‌వేర్లలో ఇదే పద్ధతి ఉంది. త్రీడీఎస్ మ్యాక్స్‌లో దాని పేరే లేత్. బ్లెండర్‌లో స్పిన్ అనే టూల్ ఆ పని చేస్తుంది. ఒక పక్క అంచును గీసి ఇరుసు చుట్టూ తిప్పితే ఘనరూపం వచ్చేస్తుంది.

ఒక పిడతను కంటి ఎత్తులో పెట్టుకుని, నిలువునా మధ్య గీత ఊహించుకుని, కుడి సగం అంచును మాత్రం పెన్సిల్‌తో గీయండి. ఇప్పుడు బిందువులు పెట్టండి. మూతి అంచు దగ్గర ఒకటి. మెడ బాగా సన్నబడిన చోట ఒకటి. మెడ లోపలి వంపు పొట్ట బయటి వంపుగా మారే చోట ఒకటి. పొట్ట బాగా ఉబ్బిన చోట, అడుగు మొదలయ్యే చోట, అడుగు నేలను తాకే చోట ఒక్కోటి. ఈ ఆరింటిలో ఏది తప్పినా, తిప్పి చూస్తే అది పిడతలా ఉండదు. సాధారణంగా జరిగే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది, లోపలి అంచును గీయకపోవడం. దానితో పాత్రకు మందం ఉండదు. రెండోది, మూతి అంచును పదునుగా వదిలేయడం. నిజం పిడత అంచు కొద్దిగా గుండ్రంగా ఉంటుంది, వెలుగు ఆ సన్నటి చోటే తళుక్కుమంటుంది. ఆ తళుకు లేని బొమ్మ ఎంత చక్కగా చేసినా ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. ఈ రెండు సంగతులూ పిడతను చూస్తూ గీసేవారికి ముందే తెలిసిపోతాయి.

కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అందరికీ తెలిసిన యూటా టీపాట్ కూడా ఇలాగే పుట్టింది. 1975లో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడు తన ఇంట్లోని టీపాట్‌ను గ్రాఫ్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసుకుని, దాన్నుంచి బిందువుల్ని కంప్యూటర్‌కు ఎక్కించారు. ఇప్పుడు అందరూ వాడే రూపంలో 32 ముక్కలున్నాయి, ఒక్కో ముక్కను మలిచేది 16 బిందువులు. ఆ అసలు టీపాట్ కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

తిప్పితే రాని రూపాలూ ఉంటాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తెరమీద మనిషిని మలిచేవారు కూడా ముందు తల, మొండెం, కటి అనే మూడు దిమ్మల్ని సరైన వాలులో నిలబెట్టుకుని, తర్వాతే వాటిని కలుపుతారు. స్కెచ్ తరగతిలో మొదట నేర్పేది ఈ వాలునే.

ఎనిమిది మూలల పెట్టె

బిందువుల్ని గీతలతో, గీతల్ని ముక్కలతో కలిపిన వలను మెష్ అంటారు. 1978లో క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ కలిసి ముతక మెష్‌ను నున్నగా చేసే పద్ధతి చెప్పారు. ఒక ఘనాన్ని తీసుకోండి. దానికి 8 మూలలు, 12 అంచులు, 6 ముఖాలు. ప్రతి ముఖానికి ఒక కొత్త బిందువు, ప్రతి అంచుకు ఒక కొత్త బిందువు చేర్చి, పాత మూలల్ని ఇరుగుపొరుగు బిందువుల సగటును బట్టి లోపలికి జరపాలి. 8 మూలలు 26 అవుతాయి, 6 ముఖాలు 24 అవుతాయి. మళ్లీ చేస్తే 96 ముఖాలు, ఇంకోసారి చేస్తే 384. పెట్టె దాదాపు బంతిలా మారిపోతుంది. 1997లో పిక్సార్ తీసిన ‘గెరీస్ గేమ్’ అనే చిట్టి చిత్రంలో ముసలాయన రూపాన్ని ఈ పద్ధతితోనే మలిచారు. దానికి ఆస్కార్ వచ్చింది.

యంత్రం ఎన్ని వేల ముక్కలు చేసినా అవి మొదటి ముతక మెష్ చెప్పినట్టే నడుస్తాయి. అందుకే ముఖం చేసేటప్పుడు కంటి చుట్టూ, నోటి చుట్టూ గీతలు వలయాలుగా తిరగాలి. మన ముఖంలో కన్ను మూసే కండరం, పెదవులు ముడిచే కండరం వలయాకారంలోనే ఉన్నాయి. గీతలు కండరం వెంట నడిస్తే రెప్ప వాలినప్పుడు మడత సహజంగా పడుతుంది. అడ్డంగా నడిస్తే నలిగిపోతుంది. అనాటమీ క్లాసులో ముఖ కండరాల్ని బొగ్గుతో గీసిన విద్యార్థికి ఈ నియమం బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

వెలుగు లెక్క

షేడింగ్‌కు ఆధారమైన సూత్రాన్ని 1760లో యోహాన్ లాంబర్ట్ చెప్పారు. మెరుపు లేని ఉపరితలం మీద వెలుగు నిటారుగా పడితే పూర్తి ప్రకాశం. 30 డిగ్రీలు వాలితే సుమారు 87 శాతం, 60 డిగ్రీలు వాలితే సగం, 90కి చేరితే శూన్యం. అంటే మొదట నెమ్మదిగా, చివర్లో వేగంగా నీడ కమ్ముతుంది. గుండ్రటి కుండకు షేడింగ్ ఇచ్చేటప్పుడు వెలుగు నుంచి నీడకు సమానమైన మెట్లుగా బూడిదరంగు దించుకుంటూ పోతే కుండ చదునుగా కనిపించేది ఇందుకే.

1971లో హెన్రీ గురో ఈ లెక్కను మెష్‌కు అన్వయించారు. మూలల దగ్గర ప్రకాశం లెక్కగట్టి, మధ్యలో క్రమంగా కలిపేశారు. ప్రయోగానికి తన భార్య ముఖం మీదే గీతలు గీసి, ఫొటోలు తీసి కొలిచారు. ఆయన తర్వాత బుయ్ తువాంగ్ ఫాంగ్ మెరుపును కూడా చక్కగా చూపే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఈ లెక్కలన్నీ చేసేస్తుంది. అయితే దీపం ఎటు పెట్టాలో, ముఖంలో ఏ భాగాన్ని నీడకు వదిలేయాలో అది చెప్పదు. అది బొగ్గూ రబ్బరూ పట్టుకుని నేర్చుకునే విద్య.

చేయి ఒకచోట, కన్ను ఒకచోట

తెర లేని పెన్ టాబ్లెట్ మీద మొదటిసారి గీసినప్పుడు ఎవరికైనా గీత వంకర పోతుంది. చేయి బల్ల మీద ఉంటుంది, చూపు తెరమీద ఉంటుంది. ఈ రెంటికీ కొత్త లంకె కుదర్చడంలో చిన్నమెదడుకు ముఖ్యమైన పాత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త దృశ్యాన్ని పక్కకు జరిపే పట్టకాలు కళ్లకు పెట్టి ఈ సర్దుబాటును గమనించారు. మొదట చేయి గురి తప్పుతుంది, కొన్ని ప్రయత్నాలకు కుదురుకుంటుంది. పట్టకాలు తీసేస్తే ఈసారి రెండో వైపుకు తప్పుతుంది. టాబ్లెట్ మీద మొదటి రోజుల్లో కలిగే విసుగుకు కారణం ఇలాంటి సర్దుబాటే. చేతిలో కళ లేదని దిగులుపడక్కర్లేదు.

అయితే ఒక సెట్టింగ్ తప్పక చూసుకోవాలి. టాబ్లెట్ పలక 16:10 నిష్పత్తిలో ఉండి, తెర 16:9 అయి, ఒకదాన్ని ఇంకోదాని మీద మొత్తం పరిస్తే, గుండ్రంగా తిప్పిన చెయ్యి తెరమీద 11 శాతం వెడల్పైన గుడ్డును గీస్తుంది. నిష్పత్తి సమానంగా ఉంచే ఆప్షన్ పెట్టుకుంటే ఈ తప్పు పోతుంది. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్‌ను తుది ఇంకింగ్‌కు వాడుకోవచ్చు, సాధన చేసేటప్పుడు తీసేయడం మంచిది. ఇంకో ప్రమాదం జూమ్. ఏ4 కాగితం 300 డీపీఐలో దాదాపు 87 లక్షల పిక్సెళ్లు. కంటిపాప దగ్గరకు జూమ్ చేసి గంటలు గడిపి వెనక్కి వస్తే, ఆ కన్ను ముఖంలో ఉండవలసిన చోట ఉండదు. బొమ్మను తరచూ చిన్నది చేసి, అద్దంలోలా తిప్పి చూసుకోవాలి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రితాలో ఒక్క ‘ఎం’ మీట నొక్కితే బొమ్మ అటుదిటు తిరిగి కనిపిస్తుంది, దాగిన వంకరలన్నీ బయటపడతాయి.

ఒక వస్తువు, మూడు పనులు

నేర్చుకోవడానికి మంచి దారి ఒకే వస్తువును మూడు విధాలుగా పట్టుకోవడం. ముందు వస్తువును ఎదురుగా పెట్టుకుని పెన్సిల్‌తో గీయండి. కుర్చీ గీస్తుంటే కాళ్లకన్నా కాళ్ల మధ్య ఖాళీల ఆకారాలు చూడండి. కుర్చీ సీటు చదరంగా ఉంటుందని మనసుకు తెలుసు కాబట్టి చేయి చదరమే గీస్తుంది. ఖాళీకి మనసులో ముందే ఉన్న బొమ్మ లేదు, కాబట్టి కన్ను చూసిందే కాగితం మీదకు వస్తుంది. రెండో పని, ఆ స్కెచ్ మీద కీలకమైన బిందువులు గుర్తించి మోడల్ చేయడం. మూడోది, సాఫ్ట్‌వేర్‌లోని కెమెరాను మీరు కూర్చున్న దూరంలోనే, ఆ ఎత్తులోనే నిలిపి, దీపాన్ని గదిలో ఉన్న వైపే పెట్టి, రెండు బొమ్మల్నీ పక్కపక్కన చూసుకోవడం. దూరం తప్పకూడదు. ముఖాన్ని బాగా దగ్గరి నుంచి చూస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దృక్కోణాన్ని మార్చేది దూరమే. స్కెచ్‌లో తప్పిన కొలతలు మోడల్ చూపిస్తుంది, మోడల్‌లో లోపించిన జీవం స్కెచ్ చూపిస్తుంది.

దీనికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. క్రితా ఉచితం. 2002లో ప్రజల విరాళాలతో లక్ష యూరోలు కూడగట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేసిన బ్లెండర్ కూడా ఉచితమే. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ను బ్లెండర్‌లోనే తీశారు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికీ ఆ సినిమా బృందానికీ పనిముట్టు ఒక్కటే.

ఇక మార్పు రావలసింది టైమ్‌టేబుళ్లలో. పొద్దున ఈజిల్ ముందు గీత, సాయంత్రం ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్, రెంటికీ మధ్య సంబంధం లేదన్నట్టు నడిచే తరగతులు పిల్లల్ని రెండు ముక్కలు చేస్తున్నాయి. పొద్దున గీసిన వస్తువునే సాయంత్రం మోడల్ చేయించాలి. డ్రాయింగ్ మాస్టారు ల్యాబ్‌లోకి రావాలి, సాఫ్ట్‌వేర్ నేర్పేవారు స్కెచ్‌బుక్ తిరగేయాలి. పిల్లలు పెట్టిన ప్రతి బిందువు దగ్గరా ఆగి “ఇది ఇక్కడే ఎందుకు?” అని ఇద్దరూ అడగాలి. ఆ ప్రశ్నకు వస్తువును చూపించి జవాబు చెప్పగలిగిన విద్యార్థి, రేపు సాఫ్ట్‌వేర్ మారినా మళ్లీ మొదటికి రావలసిన పని లేదు.