జాతి కొండది, ఎండ విడపనకల్లుది

కుందేళ్లు పెంచాలనుకునే రైతు మొదట అడిగేది జాతి గురించే. న్యూజిలాండ్ వైటా, సోవియట్ చించిల్లానా, వైట్ జెయింటా? దక్షిణాది రైతులకు మేలుజాతి కుందేళ్లు ఇచ్చే కేంద్రాల్లో పేరున్నది కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు శాఖ అది. అక్కడ మే నెలలోనూ చల్లగాలే. బళ్లారి సరిహద్దును ఆనుకున్న విడపనకల్లు నల్లరేగడిలో అదే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కొండ మీద రాసుకున్న బరువుల పట్టిక ఇక్కడ చెల్లదు.

అప్పుడే పుట్టిన కుందేలు పిల్ల 50 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. ఒంటిమీద బొచ్చుండదు, పది రోజుల దాకా కళ్లు తెరవదు. మన చేలగట్ల వెంట దూకే అడవి కుందేలు పిల్లయితే బొచ్చుతో, తెరిచిన కళ్లతోనే పుడుతుంది. పెంపుడు తల్లి రోజుకు సాధారణంగా ఒక్కసారే పాలిస్తుంది, అదీ మూడు నాలుగు నిమిషాలు. ఆవుపాల కన్నా వాటిలో కొవ్వు, మాంసకృత్తులు దాదాపు మూడింతలు. పందిపిల్లలకున్నట్టు ఎవరి చన్ను వారికుండదు, ఎగబడాల్సిందే. ఆ కాసేపట్లో చన్ను అందని పిల్లకు మర్నాటిదాకా పస్తే. తల్లికి ఎనిమిది చన్నులుండి ఈతలో పదకొండు పిల్లలుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అందుకే పాలు మాన్పించేలోపు బరువులో పిల్ల సొంత జన్యువుల వాటా తక్కువ. ఒకే ఈత పిల్లలు ఒకే తీరుగా ఎదగడానికి ముఖ్య కారణం తల్లి పాలు, గూడు, ఈతలో పిల్లల సంఖ్య. తల్లి పాలధారలో వంశం పాత్ర లేకపోలేదు. కానీ పెద్ద ధర పెట్టి తెచ్చిన మగ కుందేలు గుణం తెలియాలంటే నెల దాటాలి.

కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితే తల్లి మేత తగ్గిస్తుంది, పాలూ తగ్గుతాయి. చిక్కేమిటంటే, బొచ్చులేని పిల్లలకు తొలివారం గూట్లో అంతకన్నా వెచ్చదనమే కావాలి. ఒకే షెడ్డులో రెండు రుతువులు నడపడమన్నమాట! తల్లికి బోద కప్పు, గాలి, చల్లని నీళ్లు. పిల్లలకు తల్లి పీకిపెట్టిన బొచ్చుతో పొడి గూటిపెట్టె.

జాతి కోసం తిరిగే రైతు ఈ పెట్టె మీద పైసా పెట్టడు. నా లెక్కలో డబ్బు పోవాల్సింది ముందు అటే. రెండు తల్లులు ఒకేసారి ఈనేలా చూసుకుంటే, ఎక్కువున్న గూటి పిల్లల్ని తొలి రెండు మూడు రోజుల్లోనే తక్కువున్న గూటికి మార్చవచ్చు. బూజు పట్టిన వేరుశనగ కట్టె, చెక్క వేయకండి. అఫ్లటాక్సిన్ విషానికి కుందేలు తొందరగా పడిపోతుంది. చూలు 31 రోజులే కాబట్టి, సరైన షెడ్డు లేనివాళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో జత కట్టించడం మానుకోండి.