కరెంటు మోసే లోహపు పట్టీలు

మన ఇంట్లో దీపానికీ, ఫ్యానుకూ కరెంటు తెచ్చేది గుండ్రని తీగ. పెద్ద ఫ్యాక్టరీ స్విచ్‌బోర్డులో మాత్రం స్కేలుబద్దల్లాంటి రాగి లేదా అల్యూమినియం పట్టీలు ఉంటాయి. (దాన్ని తెరిచే పని ఎలక్ట్రీషియనుకే వదలండి!) వీటిని బస్‌బార్లు అంటారు. లాటిన్ భాషలో 'ఆమ్నిబస్' అంటే 'అందరికీ' అని అర్థం. మనమెక్కే బస్సుకు కూడా ఆ మాట నుంచే పేరు వచ్చింది. ఒకచోటికి వచ్చిన కరెంటును అన్ని శాఖలకూ పంచే పట్టీకి ఈ పేరు తగినదే.

రాగి అంతే ఉన్నప్పుడు ఆకారం ఏదైతేనేం అంటారా? లెక్క వేసి చూడండి. 100 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం గల పట్టీకి మధ్యచ్ఛేద వైశాల్యం 1000 చ.మి.మీ.; చుట్టుకొలత 220 మి.మీ. అదే వైశాల్యం గల గుండ్రని కడ్డీ చుట్టుకొలత సుమారు 112 మి.మీ. మాత్రమే. అంటే రాగి బరువు ఒకటే అయినా, పట్టీకి గాలి తగిలే ఉపరితలం దాదాపు రెట్టింపు! వందల, వేల ఆంపియర్లు ప్రవహిస్తే లోహం వేడెక్కక తప్పదు. ఆ వేడి ఎంత త్వరగా గాలిలో కలిస్తే, పట్టీ అంత ఎక్కువ కరెంటును మోయగలదు. వేడి అన్నాన్ని పళ్లెంలో పలచగా పరిచి ఆరబెట్టే అమ్మకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఇంకొకటి. ఏకాంతర విద్యుత్తు లోహపు పైపొరల్లోనే ఎక్కువగా ప్రవహిస్తుంది. 50 హెర్ట్జ్‌ల వద్ద రాగిలో ఈ పొర లోతు సుమారు 9 మి.మీ. కనుక బాగా లావైన కడ్డీలో నడుమ ఉన్న రాగి చాలావరకు దండగే. ఆరుబయట సబ్‌స్టేషన్లలో గుండ్రని బస్‌బార్లు కనిపిస్తాయి; అయితే అవి తరచుగా బోలు గొట్టాలే.

అతుకుల దగ్గర కూడా పట్టీ ఆకారమే సౌకర్యం. రెండు చదును ముఖాలను ఒకదానిపై ఒకటి పెట్టి బోల్టులు బిగిస్తే చాలు. బిగింపు వదులైతేనే ముప్పు. అప్పుడు లోహాలు కొద్ది చోట్లే తాకుతాయి, నిరోధం పెరుగుతుంది, అతుకు వేడెక్కుతుంది. వేడికి ఆక్సైడు పొర పేరుకుని నిరోధం ఇంకా పెరుగుతుంది. చివరకు నిప్పు అంటుకోవచ్చు. అల్యూమినియంపై ఆక్సైడు పొర క్షణాల్లో ఏర్పడుతుంది కనుక, దాన్ని గీకి, ప్రత్యేకమైన గ్రీజు పూసి, వెంటనే బిగిస్తారు.

రాగి కంటే వెండి కాస్త మెరుగైన వాహకం. ధర మాటేమిటంటారా? 1942లో, యుద్ధానికి రాగి చాలని రోజుల్లో, అమెరికా ప్రభుత్వం తన ఖజానాలోని వెండిని ఓక్‌రిడ్జ్‌లోని యురేనియం కర్మాగారానికి అరువిచ్చింది. అక్కడి భారీ అయస్కాంతాల చుట్టలకూ, బస్‌బార్లకూ వాడిన ఆ వెండి 13,000 టన్నులకు పైమాటే! అందులో చివరి విడత 1970లో ఖజానాకు తిరిగి చేరింది.