పదిమంది పిల్లలకు బడి దండగా?

బస్తరు అడవుల్లో మూతపడి మళ్లీ తెరుచుకున్న పాఠశాలలు విద్యాసంస్కర్తల ముందు ఉంచిన ప్రశ్న

2019 జూన్ నెలలో బస్తరు దక్షిణభాగాన ఉన్న జగర్‌గుండా గ్రామంలో ఒక బడి తెరుచుకున్నది. వేసవి సెలవుల అనంతరం బడి తెరవడం విశేషమేమీ కాదు. కాని ఆ బడికి వచ్చిన సెలవులు పదమూడేళ్లు సాగాయి. 2006లో సంఘర్షణ మంటల్లో భవనాలు కూలిపోగా, దాని తరగతులను సుమారు 56 కిలోమీటర్ల దూరాన గల దోర్నపాల్‌లో నడుపుతూ వచ్చారు. 2006లో ఆరేళ్ల వయసున ఒకటో తరగతిలో చేరవలసిన పిల్లవాడు, సొంత ఊరి బడి మళ్లీ తెరిచేనాటికి పంతొమ్మిదేళ్ల యువకుడయ్యాడు.

పాఠశాలల సంస్కరణ గురించి నగరాలలో జరిగే చర్చలన్నీ సాధారణంగా ఎంపిక చుట్టూ తిరుగుతాయి. ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా? మాతృభాషా, ఇంగ్లీషా? తండ్రికి నచ్చిన బడిని ఎన్నుకొనే స్వేచ్ఛ ఉంటే, పోటీ వల్ల అన్ని బడులూ బాగుపడతాయని ఒక పక్షం వాదిస్తుంది. చదువు సరకు కాదనీ, దానిని అంగడికి వదిలితే పేదవాడికి మిగిలేది నాసిరకమేననీ రెండవ పక్షం బదులు చెబుతుంది. ఈ రెండు వాదాలకూ బస్తరు గట్టి పరీక్ష. ఎందుకంటే అక్కడి తండ్రి ఎదుట ఉన్న ప్రశ్న ఏ బడి అన్నది కాదు. అసలు బడి ఉన్నదా అన్నది.

రెండు కలలు

ప్రభుత్వం చదువుకు డబ్బివ్వాలి గాని, బడిని తానే నడపనక్కరలేదని అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో ప్రతిపాదించాడు. తల్లిదండ్రుల చేతికి వోచరు ఇస్తే, వారు తమకు నచ్చిన బడిలో దానిని చెల్లించుకుంటారన్నది ఆయన ఊహ. 1981 నుంచి చిలీ దేశం ఆ బాటను దేశవ్యాప్తంగా తొక్కింది.

భారతదేశం కన్న కల వేరు. 1964-66 నాటి కొఠారీ కమిషను ఇరుగుపొరుగు పిల్లలందరూ, కలిమిలేములతో నిమిత్తం లేకుండా, ఒకే బడిలో కూర్చోవాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు పూర్తిగా ఆచరణలోకి రాలేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ రెండు కలలకూ మధ్య ఒక రాజీ కుదిర్చింది. అయిదవ తరగతి వరకు పిల్లల ఇళ్లకు కిలోమీటరు దూరంలో బడి ఉండాలన్నది. ప్రైవేటు బడులలో నాలుగవవంతు సీట్లు బలహీనవర్గాల పిల్లలకు కేటాయించాలన్నది.

జగదల్‌పూర్ వంటి పట్టణంలో ఈ రెండవ నిబంధనకు అర్థమున్నది. అడవిలోపల దానికి అర్థం లేదు. కొనుగోలుదారు లేనిచోట అంగడి వెలవదు. ప్రైవేటు బడే లేనప్పుడు అందులో నాలుగవవంతు ఎక్కడ?

పాత బస్తరు జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటె పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాలుగా విడిపోయింది. అక్కడ ఊరంటే ఒకచోట గుమిగూడిన ఇళ్లు కావు. ‘పారా’లు అని పిలిచే చిన్న చిన్న వాడలు వాగుకు ఈవల కొన్ని, గుట్టకు ఆవల కొన్ని విసిరేసినట్లు ఉంటాయి. పటం మీద కిలోమీటరుగా కనబడే దూరం వానాకాలంలో దాటరానిదవుతుంది.

అయిదువందల రూపాయల గురువు

ఈ దూరాన్ని జయించడానికి చేసిన తొలి పెద్ద ప్రయత్నం, బస్తరు ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులలోనే జరిగింది. 1997 జనవరి 1న ఆ రాష్ట్రం ‘విద్యా హామీ పథకం’ ప్రారంభించింది. కిలోమీటరు పరిధిలో బడిలేని గిరిజన గ్రామంలో ఇరవై అయిదుమంది పిల్లలుంటే చాలు; గ్రామస్థులు అడిగిన తొంభై రోజులలో ప్రభుత్వం బడి ఇచ్చి తీరాలి. ఇతర ప్రాంతాలలో ఈ సంఖ్య నలభై. అధికారి దయ చూపితే వచ్చే బడి, ప్రజలు అడిగి సాధించుకొనే బడిగా మారడం సామాన్యమైన మార్పు కాదు. కొద్ది ఏళ్లలోనే రాష్ట్రమంతటా వేల సంఖ్యలో ఇలాంటి బడులు వెలిశాయి.

అయితే ఆ బడిలో పాఠం చెప్పేది శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కాదు. స్థానికంగా ఎంపికైన ‘గురూజీ’. మొదట్లో అతని గౌరవవేతనం నెలకు 500 రూపాయలు. బడి లేకపోవడం కంటె ఇది మేలు కాదా అని పథకాన్ని సమర్థించినవారు అడిగారు. పట్నపు పిల్లవాడికి శిక్షితుడైన ఉపాధ్యాయుడు, అడవి పిల్లవాడికి చౌక గురువు అంటే ఇది రెండవ శ్రేణి పౌరసత్వం కాదా అని విమర్శకులు అడిగారు. ఇద్దరి ప్రశ్నలోనూ నిజమున్నది. ప్రైవేటు బడి అడుగు పెట్టని చోటికి, చౌక కూలి అనే అంగడి సూత్రం ప్రభుత్వం చేతుల మీదుగానే ప్రవేశించింది.

అయిదవ తరగతి విలువ

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం ఉద్యమం మొదలైంది. వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. భద్రతా దళాలు బడి భవనాలలో విడిది చేశాయి. బడులు శిబిరాలవుతున్నాయన్న కారణం చూపి మావోయిస్టులు వాటిని కూల్చారు. ఎవరు ముందన్న వాదన ఎలా ఉన్నా, పలక పట్టవలసిన పిల్లలు మాత్రం వీధిన పడ్డారు. పాఠశాలలను ఖాళీ చేయాలని 2011 ఆరంభంలో సుప్రీంకోర్టు భద్రతా దళాలను ఆదేశించింది.

అదే కేసులో 2011 జూలై 5న వచ్చిన తీర్పు చరిత్రలో నిలిచింది. తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన ధర్మాసనం, గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడాన్ని రాజ్యాంగ విరుద్ధమన్నది. వారికి ఇచ్చే గౌరవవేతనం నెలకు 3,000 రూపాయలు. అయిదవ తరగతి చదివినవారికి ప్రాధాన్యం ఇస్తున్నామని ప్రభుత్వం చెప్పుకున్నది. అంతమాత్రపు చదువుతో, రెండు నెలల శిక్షణతో చట్టాలనూ మానవ హక్కులనూ వారు గ్రహించగలరని ఎలా అనుకున్నారని న్యాయమూర్తులు నిలదీశారు. అయిదవ తరగతి వరకే చదువు అందిన అడవిలో, ఆ చదువుకు దొరికిన ధర తుపాకీ.

చెదిరిపోయిన పిల్లలను చేరదీయడానికి రహదారుల వెంట ‘పోర్టా కేబిన్’ ఆశ్రమ పాఠశాలలు వెలిశాయి. వెదురు పలకలతో కట్టిన ఈ తాత్కాలిక వసతులలో ఒక్కొక్క చోట అయిదువందల మంది వరకు పిల్లలు తిని, పడుకొని, చదువుకున్నారు. అవి లేకుంటే ఒక తరం మొత్తం చదువుకు దూరమయ్యేది. కాని బడి పిల్లవాడి దగ్గరకు రాలేక, ఆరేళ్ల పిల్లవాడే తల్లిని విడిచి బడి దగ్గరకు పోవలసి వచ్చింది.

అంగడి ఉన్నచోట ఏం జరిగింది?

ప్రైవేటు బడి నిజంగా మేలైన చదువు ఇస్తుందా అన్నదానికి తెలుగు నేల మీదనే ఒక జవాబు దొరికింది. బస్తరుకు దక్షిణాన, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలలో 2008 నుంచి నాలుగేళ్లపాటు ఒక ప్రయోగం సాగింది. లాటరీ ద్వారా కొందరు పేద పిల్లలకు ప్రైవేటు బడిలో చదివేందుకు వోచర్లు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలను 2015లో ప్రకటించారు. తెలుగులోను, గణితంలోను వోచరు పొందిన పిల్లలు మిగిలిన వారికంటె మెరుగు కాలేదు. హిందీలో మాత్రం ముందంజ వేశారు. అయితే ప్రైవేటు బడి ఒక్కొక్క పిల్లవాడిపై పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడవవంతు కంటె తక్కువ.

ఇరుపక్షాలూ ఈ ఫలితాన్ని తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. ప్రైవేటు బడిలో మంత్రదండం లేదన్నది ఒక నిజం. ప్రభుత్వ బడి తన ఖర్చుకు తగిన ఫలితం చూపడం లేదన్నది రెండవ నిజం. కాని ఆ ప్రయోగం ప్రైవేటు బడులున్న గ్రామాలలోనే సాధ్యమైంది. బస్తరు లోపలి పల్లె ఆ తూకానికే ఎక్కదు.

హాజరుపట్టీ న్యాయం

2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పాఠశాలల హేతుబద్ధీకరణ చేపట్టింది. దీని పరిధిలోకి 10,463 బడులు వచ్చాయి. వీటిలో 10,297 ఒకే ఆవరణలో ఉన్నవేననీ, నిజంగా మరొకచోటి బడిలో కలిసేవి 166 మాత్రమేననీ ప్రభుత్వం వివరించింది. గ్రామాలలో పదిమంది కంటె తక్కువ పిల్లలుండి, కిలోమీటరులోపు మరో బడి ఉంటేనే విలీనం. రాష్ట్రంలో ఒక్క ఉపాధ్యాయుడైనా లేని ప్రాథమిక పాఠశాలలు రెండువందలకు పైగా, ఒకే ఒక్క ఉపాధ్యాయుడున్నవి ఆరువేలకు పైగా ఉండగా, కొన్నిచోట్ల అవసరానికి మించి ఉపాధ్యాయులున్నారన్నది ప్రభుత్వ వాదన. ఇది కొట్టిపారవేయదగినది కాదు. 2008 నాటి ఉపాధ్యాయ పోస్టుల ప్రమాణాన్ని తగ్గిస్తున్నారంటూ ఉపాధ్యాయ సంఘాలు ఆందోళనకు దిగాయి.

పట్టణానికి సరిపోయే లెక్క అడవికి ఎందుకు సరిపోదో చెప్పడానికి మూడేళ్ల ముందటి అనుభవమే చాలు. 2022 జూన్‌లో బస్తరు ప్రాంతంలో ఏళ్ల తరబడి మూతపడిన 260 బడులను మళ్లీ తెరిచారు. అందులో బీజాపూర్‌లో 158, సుక్మాలో 97. మూతపడిన నాడు ఆ బడుల హాజరుపట్టీలో ఉన్న సంఖ్య సున్నా. పిల్లలు లేక కాదు, బడి లేక. సున్నాను చూసి అక్కర లేదని తేల్చి ఉంటే ఆ తలుపులు ఎన్నడూ తెరుచుకునేవి కావు.

ఆ బడులలో పాఠం చెప్పే బాధ్యత చాలాచోట్ల ‘శిక్షాదూత్’లపై పడింది. వీరు సొంత గ్రామాలకు చెందిన, కొద్దిపాటి గౌరవవేతనం పొందే యువకులు. పాతికేళ్ల నాటి గురూజీకి వారసులు. పోలీసులకు సమాచారమిస్తున్నారన్న నింద మోపి 2024, 2025 సంవత్సరాలలో వీరిలో పలువురిని మావోయిస్టులు చంపారు. ఉపాధ్యాయవర్గంలో అందరికంటె తక్కువ ప్రతిఫలం పొందేవారే అందరికంటె ఎక్కువ వెల చెల్లించారు.

స్థానికుడే ఉపాధ్యాయుడు కావడంలో మరొక ప్రయోజనమున్నది. బస్తరు పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది గోండీ, హల్బీ, ధుర్వా లేదా దోర్లీ. పుస్తకంలో ఉండేది హిందీ. 2005 తరువాత గోదావరి మన్యానికి వలసవచ్చి గుత్తికోయలుగా పేరుబడిన కుటుంబాల పిల్లలకు తెలుగు వాచకం కూడా అంతే పరాయిది. ఈ చిక్కుముడిని 1943లోనే, నిజాం పాలనలోని ఆదిలాబాదు అడవుల్లో, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గుర్తించాడు. మార్లవాయి గ్రామంలో గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, గోండీ వాచకాలతో బడులు నడిపించాడు. స్థానికుడైన ఉపాధ్యాయుడు చౌకగా దొరికేవాడు కానక్కరలేదు. శిక్షణ పొందినవాడూ కావచ్చునని అప్పుడే రుజువైంది.

పదిమంది పిల్లలకు బడి దండగ అన్న మాట జమాఖర్చుల పుస్తకంలో నిజమే కావచ్చు. అంగడికి ఆ పుస్తకం ఒక్కటే ఉంటుంది. ప్రభుత్వానికి రాజ్యాంగమనే పుస్తకం కూడా ఉన్నది. ఖర్చు పొదుపు చేయడం తప్పు కాదు. పిల్లలు లేనిచోట ఇద్దరు ఉపాధ్యాయులను కూర్చోబెట్టడం న్యాయమూ కాదు. కాని ఒక బడిని ఎత్తివేసే ముందు పిల్లల సంఖ్యతోపాటు నడుమ ఉన్న వాగునూ, అవతలి బడిలో వినిపించే భాషనూ కొలవాలి. జగర్‌గుండాలో 2006లో పోయిన పదమూడేళ్లు ఏ జమాఖర్చులోనూ నమోదు కాలేదు. ఆ పంతొమ్మిదేళ్ల యువకుడికి మాత్రం ఆ లెక్క తెలుసు.