విన నోచని కచేరీలు

శిల్పి గతించినను శిల్పము నిలుచును. కవి గతించినను కావ్యము నిలుచును. గాయకుడు గతించిన పిమ్మట అతని గానమెచట నిలుచును? శిష్యుల కంఠములందని మన పెద్దలనిరి. స్వరలిపియందని పాశ్చాత్యులనిరి. లక్కతో చేసిన నల్లని రికార్డుపైనని గ్రామఫోను కంపెనీలవారనిరి. మూడు మాటలును నిజమే. అయినను సంగీతమన్న చెవి కోసికొను ప్రతివాడును మనసులో నొక పట్టిక దాచుకొనియే యుండును. అది తాను పుట్టకముందే జరిగిపోయిన కచేరీల పట్టిక. ఆ దినమున ఆ చోట తానుండిన ఎంత బాగుండెడిదోయని అతడు నిట్టూర్చుచునే యుండును.

ఆంధ్రులలో పలువురి పట్టికయందు మొదటి పేరు ఆదిభట్ల నారాయణదాసుది. 1864లో జనించి 1945లో గతించిన ఆ హరికథా పితామహుడు కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు బూని, తానే కవియు, గాయకుడు, నర్తకుడునై సభను రాత్రి పొడుగున కదలనీయకుండెనని చెప్పుదురు. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ ఐదింటను ఐదు తాళములు ఏకకాలమున నడపెననియు ప్రసిద్ధి. తమిళదేశమున నడిగినచో తిరువావడుదురై రాజరత్నం పిళ్ళె నాగస్వరము పేరు వినవచ్చును. దేవుని ఊరేగింపు వెంట నడుచుచు ఒక్క తోడిరాగమునే గంటల తరబడి పెంచిన విద్వాంసుడాతడు; 1956లో గతించెను. ఆ తోడి గ్రామఫోను రికార్డుపై నేటికిని దొరకును. దొరకునది సముద్రము కాదు, చెంబెడు నీరు.

ఈ కోరికలో కొంత భ్రమయు కలదు. 1808 డిసెంబరు 22వ తేదీ సాయంకాలము వియన్నా నగరమున బేతోవెన్ నడిపిన కచేరీని తలచుకొనుడు. ఆయన అయిదవ సింఫనీ, ఆరవ సింఫనీ, నాల్గవ పియానో కాన్సెర్టో, బృందగానముతో కూడిన ఫాంటసీ, ఇవన్నియు ప్రజలు బహిరంగముగా మొట్టమొదటిసారి వినినది ఆ ఒక్క సాయంకాలముననే. పాశ్చాత్య సంగీతచరిత్రలో అంతటి రాత్రి మరొకటి లేదనిన అతిశయోక్తి కాదు. కాని అక్కడ కూర్చున్నవారి గతి యేమి? నాటకశాల చలితో గడ్డకట్టుచున్నది. ఆరున్నరకు మొదలైన కచేరి నాలుగు గంటలు సాగినది. వాద్యబృందమునకు సాధన చాలలేదు. ఫాంటసీ నడుమ వాద్యకారులు దారి తప్పగా బేతోవెన్ అందరిని ఆపి మరల మొదటినుండి వాయింపజేసెను. రైఖార్డ్ట్ అను సంగీత రచయిత లోబ్కోవిట్స్ ప్రభువు ప్రక్కన కూర్చుండి చివరివరకు వినెను. మంచి వస్తువైనను మితిమీరినచో భారమేయని వ్రాసికొనెను. ఆ చోటు దొరకిన ప్రాణమైన నిచ్చెదమని నేడు పలుకువారు, ఆనాడు నిజముగా నుండిన, నడుమ లేచి వేడి కాఫీకై పోయెడివారు కారని ఎవరు చెప్పగలరు?

కావున పెద్ద సభలను, ప్రసిద్ధమైన రాత్రులను విడిచి ఒక చిన్న గదికి పోవుట మేలు. ఆ గది చెన్నపట్టణమున జార్జిటౌనులో నుండెడిది. వారము శుక్రవారము, వేళ దీపములు పెట్టు వేళ. టిక్కెట్టు లేదు, వేదిక లేదు, కరపత్రము లేదు. మృదంగము సైతము లేదు. వచ్చినవారు గోడ నానుకొని నేలపై కూర్చుండెడివారు. వారిలో విద్వాంసులే యెక్కువ. పదిమందిలో పేరు మ్రోగిన గాయకులు అచట శిష్యులవలె ఒదిగి కూర్చుండి, నోరు మెదపక విని, లేచి పోయెడివారు. వాయించునది వీణ ధనమ్మాళ్.

ఆమె 1867లో జనించెను. వంశము తంజావూరి ఆస్థానమున సంగీత నృత్యములచే పేరొందిన పాపమ్మాళ్ సంతతి. శ్యామశాస్త్రి కుమారుడైన సుబ్బరాయశాస్త్రివద్ద ధనమ్మాళ్ తల్లి సుందరమ్మాళ్ శిక్షణ పొందెను. అందుచే ఆ మహావాగ్గేయకారుని బాణీ ఆ యింటికి దూరపు దారిన రాలేదు. దీక్షితుల కృతులను సాత్తనూరు పంజు అయ్యరు నేర్పెను. పదములు బాలదాసు నాయుడు నేర్పెను. ధర్మపురి సుబ్బరాయరు తన జావళీలను ఆ యింటివారికి నేర్పెను. వానిలో కొన్ని ఆమెను మనసులో నుంచుకొనియే రచించెనని ప్రతీతి. ఇట్లు మూడు నాలుగు ఏరులు వచ్చి ఒక్క చెరువున నిండినట్లు ఒక్క స్త్రీయందు నిండినవి.

వీణ పెద్ద శబ్దము చేయు వాద్యము కాదు. ఇరువదినాలుగు మెట్లు, వాయించుటకు నాలుగు తంత్రులు, తాళమునకు మూడు. ధనమ్మాళ్ మీటు తొడుగక వట్టి వ్రేలి గోటితోనే మీటెడిది. ఆ నాదము గది దాటి పోదు. దానికి తోడు ఆమె తానే సన్నని గొంతుకతో సాహిత్యమును కలిపి పాడెడిది. వీణను సాహిత్యముతో వాయించుట యన నేమో విద్యార్థులు తెలిసికొనదగినది. కుడిచేతి మీటు ఎక్కడ పడునో అక్కడ పాటలోని అక్షరము పలుకును. రెండక్షరముల నడుమ నుండు దీర్ఘమును ఎడమచేయి తంత్రిని మెట్టుపై అడ్డముగా లాగి గమకముతో నింపును. ఎక్కువగా మీటినచో పదము ముక్కలగును. తక్కువగా మీటినచో మాట మాయమగును. ఈ రెంటి నడుమనున్న సన్నని దారిలో ధనమ్మాళ్ నడిచెననియు, ఆమె వీణ తెలుగు మాటలాడెననియు విన్నవారనెడివారు. ఏ కొద్ది సద్దయినను ఆమె వీణ క్రిందపెట్టుననియు చెప్పుదురు. అది కోపమనుటకంటె అవసరమనుట న్యాయము. వినబడుటకే ఇతరుల నిశ్శబ్దముపై ఆధారపడిన నాదమది.

తెలుగు మాటలాడెననుట అలంకారము మాత్రమే కాదు. ఆ గదిలో మ్రోగిన పదములు మన మువ్వ గ్రామపు గోపాలుని ముద్రతో క్షేత్రయ్య రచించినవి. పదునేడవ శతాబ్దిలో కృష్ణాతీరమునుండి బయలుదేరిన ఆ కవి తంజావూరున విజయరాఘవ నాయకుని కొలువు చేరెను. తాను వేలకొలది పదములు రచించినట్లు ఆయన ఒక పదముననే చెప్పుకొనెను. నేడు లభించునవి కొన్ని వందలు. మిగిలిన ఈ వందలైనను తాటాకులమీద మాత్రమే మిగిలియుండిన మనకు దక్కునది మాటయే. పాట దక్కెడిది కాదు. పదము విలంబమున, తొందరలేక, ఒక్కొక్క సంగతిలో నాయిక మనసును విప్పుచు నడుచును. ఆ నడకను వ్రాసి చూపుట దుర్ఘటము. తెలుగు కవి రచనల నడకను మూడు వందల యేండ్లు మోసినవారు తమిళదేశమునందలి ఈ కుటుంబముల స్త్రీలు. మన పాఠ్యపుస్తకములలో క్షేత్రయ్య పేరు కలదు. వీరి పేర్లు లేకపోవుట కొంచెము సిగ్గుపడదగిన విషయమే.

వీరిని లోకము చూచిన చూపును మరువరాదు. దేవదాసీ కుటుంబములలో పుట్టిన స్త్రీల జీవితములలో అన్యాయము జరుగుచుండెననుట వాస్తవము; దానిని మాన్పుటకు డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డి మొదలగువారు 1920లలో ఉద్యమించుటయు వాస్తవము. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవాలయములకు బాలికలను అంకితము చేయుట చట్టముచే నిషిద్ధమైనది. అది మేలే. అయితే ఆ యుద్యమపు రోజులలో ఒక దురాచారముతో పాటు, దానిని మోసినవారి విద్యను కూడ నింద తాకినది. పదములు శృంగారములనియు, పాడదగినవి కావనియు అనువారు మిక్కిలిరి. ధనమ్మాళ్ అను పేరేకాని ఆమె యింట ధనము నిలువలేదు. చివరి యేండ్లలో చూపు కూడ తగ్గినది. అయినను శుక్రవారము తప్పలేదు. రంగరామానుజ అయ్యంగారు వంటివారు ఆ సాయంకాలములను తపస్సువలె భావించి వినిరి. తరువాత ఆయన కృతిమణిమాలై అను సంపుటములలో అనేక కృతులకు స్వరలిపి సమకూర్చెను. ధనమ్మాళ్ 1938 అక్టోబరు 15వ తేదీన గతించెను.

ఆమె వీణ పూర్తిగా మాయము కాలేదు. చివరి దశాబ్దిలో కొలంబియా కంపెనీవారు కొన్ని రికార్డులు తీసిరి. ఆ కాలపు రికార్డు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములు, మహాయైన మరికొన్ని క్షణములు తిరుగును. రాగము విప్పుటకే అరగంట గడపగలిగిన చేతికి ఇచ్చిన గడువది! వినువానికి మొదట వినబడునది ముల్లు గీచు చప్పుడు. దాని వెనుక, ప్రక్కగదిలో నెవరో వాయించుచున్నట్లు, వీణ. ఆ చప్పుడును చెవి మరువనేర్చిన పిదప, మీటుకును మీటుకును నడుమ నాదము ఎట్లు వంగి తిరుగునో కొంత తెలియును. తెలిసినది కొంతయే యని కూడ అప్పుడే తెలియును. శుక్రవారపు గదిలోని నిశ్శబ్దము రికార్డున కెక్కలేదు. శ్రోత యెదుట నున్నాడను ఎరుకతో విద్వాంసురాలు సంగతిని సాగదీయుటయో, ముగించుటయో చేయు నిర్ణయమును యంత్రమునకు తెలియదు.

మిగిలినది మనుమరాండ్రకు దక్కినది. ధనమ్మాళ్ కుమార్తె జయమ్మాళ్ బిడ్డ బాలసరస్వతి. తల్లి కూర్చుండి పదము పాడగా బిడ్డ అభినయించెడిది. 1963లో ఎడింబరో ఉత్సవమున ఆమె నర్తించినపుడు తెలుగు తెలియని జనము క్షేత్రయ్య నాయికను గుర్తించిరి. 1976లో సత్యజిత్ రాయ్ ఆమెపై ఒక చిత్రము తీసెను. ఆమె సోదరులు రంగనాథన్, విశ్వనాథన్ అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునందలి వెస్లియన్ విశ్వవిద్యాలయమున మృదంగము, వేణువు నేర్పిరి. మువ్వ గ్రామమునుండి అంత దూరము ఆ పదములు ఓడ ఖర్చులు లేకుండ పోయినవని చమత్కరింపవచ్చును.

మరియొక కుమార్తె కామాక్షి బిడ్డలు బృంద, ముక్త. అక్కచెల్లెండ్రిద్దరును కలిసి పాడెడివారు. వారి గానము జనాకర్షణకు పాకులాడినది కాదు. గొంతు పెంచినది కాదు. సభలు నిండక పోయినను విద్వాంసులు వారి యింటికే వచ్చి పదములు నేర్చుకొనిరి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి యంతటి గాయని బృందవద్ద శిష్యురాలై కూర్చుండెను. 1976లో మద్రాసు సంగీత అకాడమీ బృందకు సంగీత కళానిధి బిరుదమిచ్చినది. అంతకు మూడేండ్ల క్రితము బాలసరస్వతి కిచ్చినది. అమ్మమ్మ గదిలో గుప్పెడు జనము వినిన సంగీతమునకు అకాడమీ ముద్ర పడుట కంతకాలము పట్టినది.

బాలసరస్వతి 1984లోను, బృంద 1996లోను, విశ్వనాథన్ 2002లోను గతించిరి. అమ్మమ్మ వీణను ఇంటిలో కూర్చుండి వినిన ముక్త 2007వరకు జీవించి, అడిగివచ్చినవారికి పదములు చెప్పుచుండెను. చెప్పునపుడు ఒక్కొక్క సంగతిని నిదానముగా పాడి, శిష్యురాలు తిరిగి పాడువరకు కాచుకొనెడిది.