పాకే పిల్లలకు నిలబడే కాళ్లు

డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు 1939లో భీమవరంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఎముకల వైద్యంలో ఎంఎస్ చదివి, అక్కడే ఆచార్యులయ్యారు. ఆదినారాయణరావు పేరు నిలిచింది పోలియో ఆపరేషన్లతో.

పోలియో వైరస్ దెబ్బతీసేది కాలిని కాదు, వెన్నుపాములో కండరాలను ఆడించే నాడీకణాలను. స్పర్శ ఉంటుంది, కదలిక పోతుంది. కీలుకు ఒకపక్క కండరం చచ్చుబడితే, బతికున్న ఎదుటి కండరం కీలును తనవైపు లాగేసుకుంటుంది. మడమ నేలకానదు, మోకాలు ముడుచుకుపోతుంది. పిల్లవాడు పాకుతాడు, లేదా తొడమీద చెయ్యి ఆన్చి అడుగు వేస్తాడు.

చచ్చిన నాడిని ఏ కత్తీ బతికించలేదు. ముడుచుకున్న కీలును సాగదీయడం, బలమున్న కండరపు స్నాయువును చోటు మార్చి కొత్త పని అప్పగించడం, తర్వాత వారాల తరబడి పిండికట్టు, ఆపైన కాలికి ఊతమిచ్చే కాలిపర్, వ్యాయామం: చికిత్స ఇంతే. కష్టమంతా కోతకు ముందు చేసే పరీక్షలో ఉంది. ఒక్కో కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా అంచనా కట్టాలి. తొడ ముందు కండరం చచ్చినవాడికి కాస్త ఎత్తుగా ఉన్న మడమే మోకాలిని వెనక్కి నెట్టి నిలబెడుతుంది. చూపుకు బాగుంటుందని దాన్ని పూర్తిగా దించేస్తే, ఉన్న నడకా పోతుంది. పుస్తకం చదివితే పట్టుబడని సంగతి ఇది, కాళ్లు చూడాలి.

ఆదినారాయణరావు నడిపిన ఉచిత శిబిరాలు, పట్నం ఆసుపత్రి గడప తొక్కలేని కుటుంబాలకు ఈ వైద్యాన్ని అందించాయి.

అయితే వంకరపోయిన ప్రతి కాలూ పోలియో వల్ల కాదు. ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో ఆ తేడా మరీ ముఖ్యం. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, అక్కడి నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తోందని పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి వెల్లడించారు. అక్కడ లోపం కండరంలో కాదు, ఎముకలో. స్నాయువులు మార్చి లాభం లేదు, ముందు మంచినీళ్లు మారాలి.

దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014లో భారత్‌కు పోలియో రహిత గుర్తింపు దక్కింది. 2022లో ఆదినారాయణరావుకు పద్మశ్రీ ప్రకటించారు. అయితే పోలియో పోయినా, చిన్నప్పుడు అది సోకినవారిలో కొందరికి నడివయసు దాటాక, ఇన్నాళ్లూ అదనపు బరువు మోసిన కండరాలు మళ్లీ నీరసిస్తున్నాయి. వాళ్లకు కావలసింది ఆపరేషన్ కన్నా తేలికైన కాలిపర్, అలసట రాని కొలతలో వ్యాయామం.