ఆ నాళం మూసుకునేలోగా

తెనాలి పక్కనున్న బుర్రిపాలెం నటుడు కృష్ణ సొంతూరు. ఆయన కుమారుడు మహేష్‌బాబు చేయూతతో విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో వెయ్యిమందికి పైగా పిల్లలకు గుండె ఆపరేషన్లు జరిగాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. 2021లో తిరుపతిలో టీటీడీ పిల్లల గుండె ఆసుపత్రి తెరిచింది. డబ్బుకు దారి దొరికింది. దొరకనిది సమయం.

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ప్రాణవాయువు మాయ ద్వారా తల్లి నుంచే అందుతుంది. ఊపిరితిత్తులకు పని ఉండదు కాబట్టి, వాటికి వెళ్లాల్సిన రక్తంలో ఎక్కువ భాగం ఒక చిన్న నాళం గుండా బృహద్ధమనిలోకి మళ్లిపోతుంది. పుట్టాక రెండు మూడు రోజుల్లో ఆ నాళం ముడుచుకుపోతుంది. మామూలు బిడ్డకు అదే క్షేమం. కానీ కొందరిలో గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులూ తారుమారై ఉంటాయి. చెడు రక్తం మళ్లీ ఒంట్లోకే, మంచి రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. ఈ నాళమూ, గుండె పైగదుల మధ్యనున్న రంధ్రమూ ఉన్నంతసేపే ఆ రెండూ కలుస్తాయి. పుట్టినప్పుడు అలాంటి బిడ్డ బరువు బాగుంటుంది, గట్టిగా ఏడుస్తుంది, స్టెతస్కోప్‌కు కూడా తేడా తెలియకపోవచ్చు. నాళం మూసుకుంటుంటే పెదవులు, నాలుక నీలంగా మారతాయి.

ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కిస్తే నాళం తెరుచుకుని ఉంటుంది. ఊపిరి ఆగే ప్రమాదమూ ఉంది కనుక కనిపెట్టుకుని ఉండాలి. అవసరమైతే బెలూన్‌తో పైగదుల మధ్య రంధ్రాన్ని పెద్దది చేస్తారు. 1966లో అమెరికా వైద్యుడు విలియం రష్కిండ్ చూపిన పద్ధతి ఇది. ఆ తర్వాత అసలు ఆపరేషన్. 1975లో బ్రెజిల్‌లో అదీబ్ జటేన్ విజయవంతంగా చేసి చూపించారు. బిడ్డ పిడికిలంత గుండెను ఆపి, ధమనులు రెండింటినీ కోసి తారుమారు చేసి కుట్టాలి. కష్టమంతా గుండెకే రక్తమిచ్చే నాళాల దగ్గర. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆ నాళాలను చుట్టూ కొంచెం గోడతో సహా కోసి, మెలిక పడకుండా కొత్త చోట అతికించాలి. మెలిక పడితే గుండె కొట్టుకోదు. ఇదంతా సాధారణంగా రెండు మూడు వారాల్లోపే జరగాలి. ఆలస్యమైతే ఎడమ గది కండ బలం తగ్గి, ఒళ్లంతటికీ రక్తం కొట్టలేదు. మంచి కేంద్రాల్లో నూటికి 95 మందికి పైగా బతుకుతున్నారు.

రేపల్లెతో రైలు దారి ఆగిపోతుంది. అక్కడో, బాపట్ల దగ్గరి పల్లెలోనో మూడోనాడు బిడ్డ నీలంగా మారితే గుంటూరుకో విజయవాడకో చేరాలి. ఆక్సిజన్ పెట్టినా నీలం తగ్గకపోతే గుండెను అనుమానించాలి. నా మాటేమిటంటే, పెద్దాసుపత్రికి చేరాక కాదు, పిల్లల గుండె వైద్యుణ్ణి ఫోన్‌లో అడిగి ప్రోస్టాగ్లాండిన్‌ను బయలుదేరే చోటే మొదలుపెట్టాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రసూతి ఆసుపత్రుల్లో అది నిల్వ ఉండాలి.

అంతకన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. కరోనా రోజుల్లో మనమంతా వేలికి పెట్టుకున్న ఆక్సిమీటరే, పసిబిడ్డకు సరిపడే పట్టీతో. పుట్టి 24 గంటలు దాటాక కుడిచేతికి, ఒక పాదానికి పెట్టి చూస్తారు. 90 కంటే తక్కువొస్తే వెంటనే గుండె పరీక్షకు పంపాలి. 95కు తగ్గినా, చేతికీ పాదానికీ మధ్య మూడుకు మించి తేడా ఉన్నా మళ్లీ చూడాలి. దీంతో అన్ని లోపాలూ బయటపడవు గానీ, చాలా పట్టుబడతాయి. తల్లీబిడ్డను ఇంటికి తీసుకెళ్లే ముందు, ఆ రెండు అంకెలూ ఎంతో నర్సమ్మను అడిగి, డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.